లీడర్ బాధ లేని గాలం: బ్రెయిడ్ వాడేవారికి పనికొచ్చే చిట్కాలు

ఒకప్పుడు గాలానికి తంగూసు ఒక్కటే ఉండేది. కొక్కెం కట్టామా, ఎర గుచ్చామా, విసిరామా, అంతే. ఇప్పుడు విశాఖలో, కాకినాడలో కొట్ల నిండా బ్రెయిడ్. సన్నటి పాలిథిలీన్ పోగులు నాలుగో ఎనిమిదో కలిపి అల్లిన దారం. అంతే లావు తంగూసు కన్నా ఎన్నో రెట్లు బలం. సాగడం అనేది దాదాపు లేదు కనుక చేప ఎర దగ్గర మూతి ఆనించినా చేతికి తెలిసిపోతుంది. ఇంతవరకు బాగానే ఉంది. దాంతోపాటే లీడర్ అనే బెడద కూడా వచ్చిపడింది. బ్రెయిడ్ నీళ్లలో కొట్టొచ్చినట్టు కనబడుతుందట, రాయికి రాసుకుంటే పోగులు లేచిపోతాయట, మరీ నున్నన కావడంతో మామూలు ముడి నిలవదట. అందుకని దాని చివర ఒకటి రెండు మీటర్లు నైలాన్ గానీ ఫ్లోరోకార్బన్ గానీ అతికించాలట. ఆ కాస్త ముక్క కోసం ముళ్లు నేర్చుకోవాలి, లావులు లెక్కగట్టాలి, చేప చేపకూ తడిమి చూసుకోవాలి.

ఆదివారం పూట ఈ చాకిరీ ఎందుకు? ఒడ్డుకు వచ్చిన చేప అంటే ఏమిటో ఒకసారి ఆలోచించండి. దాన్ని పట్టుకోవాలి, కొక్కెం ఊడదీయాలి, ఇంటిదాకా మోయాలి, పొలుసు గీకాలి, చేతులకు వాసన పోయేదాకా రుద్దుకోవాలి. తెంచుకుపోయిన చేపతో ఈ బాధలేవీ లేవు, పైగా అది ఏటేటా బరువు పెరుగుతుంది. తక్కువ కష్టం, తక్కువ ఖర్చు, ఎక్కువ మాట. ఈ మూడూ దక్కే దారి కింద రాస్తున్నాను. వరసగా పాటించండి.

1. ముందు లీడర్ మానేయండి

అన్నిటికన్నా సులువైనది కనుక మొదట చెబుతున్నాను. బ్రెయిడ్ కొసను నేరుగా కొక్కేనికి కట్టేయండి. ఎవరైనా అడిగితే డబ్బా చూపించండి. దాని మీద 30 పౌండ్లు అని ఉంటుంది. అంటే 13 కిలోల పైమాట. రుషికొండ రాళ్ల దగ్గర తగిలే పార చేప రెండు కిలోలో మూడు కిలోలో అనుకుందాం. పదమూడు కిలోలు మోసే దారం మూడు కిలోలకు తెగుతుందా? ఈ లెక్క ముందు ఎంతటివాడైనా నీళ్లు నములుతాడు. ఆ 13 కిలోలు దారాన్ని తిన్నగా బిగించి లాగితే వచ్చిన లెక్క అనీ, బిర్రుగా ఉన్న బ్రెయిడ్ ఆల్చిప్ప అంచుకు ఒక్కసారి ఒరుసుకుంటే పోగు వెనక పోగు లేచి తెగుతుందనీ కొందరు మొదలుపెడతారు. అది డబ్బా మీద రాసి లేదు. రాయనిది మనం చదవక్కర్లేదు.

యారాడ వైపు రాళ్లు చూసే ఉంటారు. అల వెనక్కి తీసినప్పుడు నీటి అంచున గరుకు పెచ్చు తేలుతుంది. వట్టి కాలు పెడితే కోసేస్తుంది. కొక్కెం తగిలిన చేప దూరేది ఆ రాతి కిందికే. లీడర్ ఉన్నవాడు రాడ్ పైకెత్తి, రాయి నుంచి రాయికి గెంతి, ఒళ్లంతా చెమట పట్టేలా తంటాలు పడి దాన్ని బయటికి లాగాలి. లీడర్ లేని మీకు చిటికెలో పని అయిపోతుంది. దారం ఒక్కసారి జుయ్యిమంటుంది, తర్వాత వదులైపోతుంది. మీరు రాడ్ దించి, వెనక్కి తిరిగి, "చూశారా ఎంతదో!" అనాలి. చూసినవాడు ఎవడూ ఉండడు కనుక కాదనేవాడూ ఉండడు.

2. తప్పనిసరైతే చవకది కొని ఖరీదైన మాట చెప్పండి

కొన్ని బృందాల్లో లీడర్ లేకపోతే పక్కన నిలబడనివ్వరు. అలాంటి చోట ఏదో ఒకటి కట్టాలి. ఫ్లోరోకార్బన్ గురించి నాలుగు ముక్కలు బట్టీ పట్టండి. దాంతో గాలపు దారం చేయడం 1971లో జపాన్‌లో కురేహా అనే కంపెనీ మొదలుపెట్టింది. కాంతి వంగే లెక్కలో నీటిది 1.33, ఫ్లోరోది 1.42, నైలాన్‌ది 1.53. నీటికి దగ్గరగా ఉంది కనుకనే నైలాన్ కన్నా ఫ్లోరో చేప కంటికి తక్కువ ఆనుతుంది. పై పొర గట్టిది, రాపిడికి ఓర్చుకుంటుంది. నైలాన్‌లా నీళ్లు పీల్చుకోదు. ఈ అంకెలు గబగబా చెప్పగలిగితే మీ చేతిలో ఉన్నదేమిటో ఎవరూ తిప్పి చూడరు.

చేతిలో మాత్రం పూసల కొట్లో అమ్మే తంగూసు ఉండాలి. అంతకన్నా ఒక మెట్టు పైకి పోదామనుకుంటే లోపల నైలాన్, పైన పలచటి ఫ్లోరో పూత ఉన్న రకాలు దొరుకుతాయి. లేబుల్ మీద ఫ్లోరో అన్న అక్షరాలే పెద్దవిగా ఉంటాయి. రెండుసార్లు రాయికి తగిలేసరికి పూత పోతుంది, లేబుల్ మిగులుతుంది. దాన్ని పెట్టె మూతకు అంటించుకోండి.

3. తేలే ఎరకు మునిగే దారం కట్టండి

పాపర్ నీటి మీద తేలుతూ, లాగినప్పుడల్లా గుబుక్కుమంటూ నీళ్లు చిమ్మాలి. నైలాన్ బరువు నీటి బరువుకు దగ్గర, 1.14 రెట్లు మాత్రమే. ఫ్లోరో 1.78 రెట్లు. అందుకని పై నీటి లూర్లకు నైలాన్, లోతుకు దిగే జిగ్గులకు ఫ్లోరో కట్టడం అలవాటున్నవాళ్ల పద్ధతి. మీరు నిజంగా ఫ్లోరో కొనే పొరపాటు చేసి ఉంటే దాన్ని పాపర్‌కే కట్టండి. డబ్బు పెట్టిన వస్తువు అందరికీ కనబడే చోట ఉండాలి. పాపర్ ముక్కు దించి ఒక పక్కకు ఒరుగుతూ వస్తుంది. లూర్ నకిలీదని అప్పుడే తేల్చేయండి. అమ్మినవాడు వచ్చి నిరూపించుకోడు.

4. లావు విషయంలో రాజీపడకండి

15 పౌండ్ల బ్రెయిడ్‌కు 20 నుంచి 30 పౌండ్ల లీడర్ చాలునని చెబుతారు. మీరు 80 కట్టండి. మోకులా ఉంటే చూసినవాడు మీరు ఏ స్థాయి చేప కోసం వచ్చారో అర్థం చేసుకుంటాడు.

ఇందులో ఇంకో లాభం ఉంది, చాలామంది గమనించరు. కొక్కెం రాతి సందులో ఇరుక్కుంటే దారం దాని బలహీనమైన చోటే తెగుతుంది. లీడర్ సరిపడా లావుంటే ముడి దగ్గరో కొక్కెం దగ్గరో తెగి నాలుగడుగులు పోతుంది. 80 పౌండ్ల లీడర్ ఉంటే ముడి నిలిచినంతకాలం తెగేది బ్రెయిడే. అదీ ఎక్కడ ఒరిసి ఉంటే అక్కడ, ఒక్కోసారి రీల్ దగ్గరే. అరవై డెబ్బై మీటర్లు సముద్రంలో ఉండిపోతాయి. ఇంటికెళ్లి, "దారం అయిపోయిందే, మళ్లీ కొనాలి," అనండి. "మొన్ననే కదండీ కొన్నారు," అంటుంది ఆవిడ. "సముద్రం లాక్కుపోతే నన్నేం చెయ్యమంటావు?" అనండి. దారం కోసం కొట్టుకు వెళ్లినవాడు రీల్ చూడకుండా రాడు. లావు లీడర్ లేకపోతే ఈ సందు మీకు దొరికేదే కాదు.

నీళ్లలో ఉండిపోయిన ఆ దారం కుళ్లదు, కరగదు. చలికాలం చివర గుడ్లు పెట్టడానికి మన తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్ల రెక్కలకు చుట్టుకుంటుంది. దారం మీద మీ పేరు రాసి ఉండదు కాబట్టి కంగారు పడకండి.

5. పొడవు జానెడు

లీడర్ కనీసం మీరు ఆశించే చేపంత పొడవైనా ఉండాలని, లేకపోతే పరుగెత్తే చేప తోక బ్రెయిడ్‌కు తగిలి తెంపుతుందని అంటారు. జానెడు కట్టండి. ఒక స్పూల్ ఏళ్లకేళ్లు వస్తుంది. జానెడుకు మించి పొదుపైన కొలత లేదు.

ఇసుక తీరాల్లో బరువు సీసం విసిరేవాళ్లు ఈ విషయంలో మరీ చాదస్తంగా ఉంటారు. విసురు దెబ్బంతా బ్రెయిడ్ మీద పడకుండా రాడ్ పొడవంతా లావు లీడర్ వదిలి, రీల్ మీద ఇంకా నాలుగైదు చుట్లు వచ్చేలా కడతారు. ప్రతి ఔన్సు సీసానికీ 10 పౌండ్ల లీడర్ అని వాళ్లకో లెక్క. 100 గ్రాములు మూడున్నర ఔన్సులు కనుక 35 పౌండ్లన్నమాట. మీరు భీమిలి ఇసుకలో నిలబడి సన్నటి బ్రెయిడ్‌కు జానెడు లీడర్, దానికి 100 గ్రాముల సీసం కట్టి, రాడ్ వెనక్కి వంచి ఒంట్లో బలమంతా పెట్టి విసరండి. తుపాకీ పేలినట్టు టప్‌మని తెగుతుంది. దారం లాగి ఆపేది లేక ఆ రోజు తీరం మీద అందరికన్నా దూరం పోయేది మీ సీసమే. ఆ దూరం ఎవరూ కొలవలేరు, మీరు చెప్పిందే లెక్క. రెండోసారి చెయ్యి ఎత్తేసరికి పక్కవాళ్లు పిల్లల్ని లాక్కుని యాభై గజాలు జరుగుతారు. రద్దీ రోజున ఒడ్డు మీద విశాలంగా చోటు సంపాదించడానికి ఇంతకన్నా మర్యాదైన ఉపాయం ఉండదు. నోరు తెరిచి ఎవరినీ జరగమనలేదు కదా.

6. ముడి: మన పాత ముడే, రెండుసార్లు

అసలు కష్టమంతా ఇక్కడే ఉంది, కాబట్టి ఇక్కడే ఎక్కువ తప్పించుకోవాలి.

ఎఫ్‌జీ ముడి వేసేవాణ్ని ఒకసారి దగ్గర్నుంచి చూడండి. రాడ్‌ను మోకాళ్ల మధ్య ఇరికించుకుంటాడు. బ్రెయిడ్ కొసను పళ్లతో కరిచి బిర్రుగా పడతాడు. లీడర్‌ను దాని మీదుగా ఒకసారి, కిందుగా ఒకసారి దాటిస్తూ ఇరవై చుట్ల దాకా వేస్తాడు. చుట్లు పక్కపక్కనే పడాలి, ఒకదాని మీదికి ఒకటి ఎక్కకూడదు. తర్వాత ఉమ్మితో తడిపి రెండువైపులా లాగుతాడు. చుట్లు లీడర్‌లోకి కరుచుకుని బ్రెయిడ్ రంగు ముదురుతుంది. ఆ ముదురు రంగు కనిపించేదాకా ఊరుకోడు. ఆపైన జారకుండా చిన్న ముళ్లు నాలుగైదు వేసి, లీడర్ తోక కత్తిరించి, చూపుడువేలితో నిమిరి చూసుకుంటాడు. ఆ ముడి లీడర్ కన్నా పెద్ద లావుండదు, రాడ్ రింగుల్లోంచి చప్పుడు లేకుండా జారిపోతుంది. ఈలోగా మీరు ఒక చేపను పోగొట్టుకుని, టీ తాగుతూ దాని కథ సగం చెప్పి ఉండాలి.

డబుల్ యూనీ కాస్త సులువని ఇంకొందరు వస్తారు. బ్రెయిడ్ వైపు ఎనిమిది చుట్లు, లీడర్ వైపు నాలుగో అయిదో చాలంటారు. ఎనిమిది దాకా లెక్కపెట్టడం కూడా లెక్కే కదా. ఆల్బ్రైట్ కూడా అంతే. పేరు గుర్తుపెట్టుకోండి, అడిగినప్పుడు పనికొస్తుంది. "ఏ ముడి అన్నా?" అంటే "ఆల్బ్రైటే తమ్ముడూ, కొద్దిగా మార్చుకున్నా," అనండి.

వేయాల్సింది సంచి మూతికి వేసే మామూలు ముడి. రెండు కొసలు కలిపి ఒకటి, దాని మీద ఇంకొకటి. తడపకండి. పొడిగా ఉన్నదాన్ని ఒక్క గుంజు గుంజితే రాపిడి వేడికి నైలాన్ మీద తెల్లటి ముడత పడుతుంది. ఆ ముడత చూసి ముడి గట్టిగా కూర్చుందని నమ్మండి. తోకలు కత్తిరించడానికి కత్తెర మోసుకెళ్లకండి. సిగరెట్ లైటర్ చాలు. పాలిథిలీన్ 145 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కనుక మంట ముడికి దగ్గరగా పెడితే తోకతోపాటు ముడి కూడా కొంత కరిగి ముద్దయిపోతుంది. ముద్దయినది విడిపోదు, చూడటానికి కూడా ముచ్చటగా ఉంటుంది. ఇంకా అనుమానముంటే ఒక చుక్క ఫెవిక్విక్ వేయండి. గట్టిపడిన ముడి రింగులో తగిలి టక్‌మంటుంది. ఆ టక్కు విన్నప్పుడల్లా ముడి ఇంకా ఉందని మీకు తెలుస్తుంది.

లాగి పరీక్షించడం మాత్రం వద్దు. కొందరు లీడర్ కొసను చెప్పు కింద తొక్కిపెట్టి, బ్రెయిడ్‌ను తువ్వాలుకు చుట్టి గట్టిగా లాగి చూస్తారు. ఒడ్డు మీద తెగిన ముడికి సాకు ఉండదు. నీళ్లలో తెగిన ముడికి చేప ఉంటుంది.

7. పళ్లున్నదానికి మెత్తటిది, పళ్లు లేనిదానికి ఇనుము

వంజరం నోట్లో కత్తెర్లు ఉంటాయి. నైలాన్‌నూ ఫ్లోరోనూ ఒకే తీరుగా తెంపేస్తుంది. దానికోసం జానెడో మూరెడో ఉక్కు తీగ వేసి, ఆ తర్వాత లీడర్ కడతారు. మీరు తీగ మానేయండి. తీగ ఉంటే వంజరం వస్తుంది. కిలో వంజరం ధర తెలిసిన ఇరుగుపొరుగు తలా రెండు ముక్కలు ఆశిస్తారు. తీగ లేకపోతే లూర్ ఒక్కటి పోతుంది, ముక్కలన్నీ మిగిలినట్టే.

యానాం, కోరంగి చుట్టుపక్కల పాయల్లో పండుగప్ప కోసం వెళ్లినప్పుడు మాత్రం ఇనుము వాడండి. పండుగప్పకు తెంపే పళ్లు లేవు. దాని నోరు గరుకు కాగితంలా ఉండి లీడర్‌ను అరగదీస్తుంది, చెంపల అంచులు బ్లేడులా కోస్తాయి. 40 పౌండ్ల మంచి లీడర్‌తో సరిపెట్టుకోవచ్చు. మీరు ఇల్లు కడుతున్న చోట రాలిపడిన బైండింగ్ వైరు ఏరుకొచ్చి కట్టండి. అది పైసా ఖర్చు లేనిది, మెలికలు పడి ఎండకు తళతళలాడుతుంది. ఎర ఎదురుగా వచ్చిన పండుగప్ప దాన్ని చూసి మడ చెట్ల వేళ్లలోకి తిరిగిపోతుంది. మీరు పడవ చెక్క మీద కాళ్లు చాపుకుని ప్రశాంతంగా కునుకు తీయవచ్చు. పాయల్లో గాలి బాగుంటుంది.

ఇక కొరమేను. ఇక్కడ ఒక్కచోట పెద్దలే లీడర్ వద్దంటారు. తామరాకుల మీద రబ్బరు కప్పను గెంతిస్తూ లాగేవాళ్లు 50 పౌండ్ల లావు బ్రెయిడ్‌ను నేరుగా కప్పకే కడతారు, ఎందుకంటే బ్రెయిడ్ నాచునూ కాడలనూ కోసుకుంటూ వచ్చేస్తుంది, మధ్యలో ముడి ఉంటే దానికి నాచు పట్టుకుంటుంది. కాబట్టి లీడర్ ఎక్కడా కట్టని మీరు ఇక్కడ కట్టండి. సన్నటిది, పొడుగు తోకలు వదిలిన ముడితో. ప్రతి విసురుకూ గుప్పెడు నాచు వస్తుంది. చెరువు బాగుచేశామని పంచాయతీ వాళ్లతో చెప్పుకోవచ్చు.

8. ముడి రానివాడికి స్వివెల్

బ్రెయిడ్‌కూ లీడర్‌కూ మధ్య పెద్ద స్వివెల్ పెట్టేస్తే ఏ ముడీ నేర్చుకోనక్కర్లేదు. లూర్ దగ్గర ఇంకో స్వివెల్, దానికో స్నాప్, ఆ స్నాప్‌కు ఇంకో స్నాప్. గొలుసు ఎంత పొడవుంటే అంత సరంజామా ఉన్నట్టు.

స్వివెల్ రింగుల్లోంచి పోదు. దారం చుట్టేటప్పుడు ఎక్కడ ఆపాలో చూసుకునే బాధ వదిలింది, అదే వచ్చి కొన రింగుకు ఠంగున తగులుతుంది. నాలుగు ఆదివారాలు తగిలాక కొన రింగు లోపలి పింగాణీకి సన్నటి పగులు వస్తుంది. కంటికి కనబడదు, గోరు పెడితే తగులుతుంది. దయచేసి గోరు పెట్టకండి. అక్కణ్నుంచి ప్రతి విసురుకూ ఆ పగులు బ్రెయిడ్‌ను కొద్దికొద్దిగా గీస్తూ ఉంటుంది, దారం నూగు నూగుగా లేస్తుంది. ఇక మీరు ఏమీ చెయ్యనక్కర్లేదు. ఏడాదంతా దారం దానంతటదే తెగుతుంది, మీరు ఏడాదంతా దారం కంపెనీని తిడుతూ ఉండవచ్చు.

9. లీడర్ మార్చకండి

ఒకసారి కట్టిన లీడర్ దసరా నుంచి దసరా దాకా ఉండాలి. చేప వచ్చినప్పుడల్లా లీడర్‌ను రెండు వేళ్ల మధ్య జార్చి గరుకు తగిలినంతమేర కోసి మళ్లీ కట్టేవాళ్ల వేళ్లకు పుళ్లు తప్ప ఏమీ మిగలవు. నైలాన్ ఎండకు పెళుసవుతుంది కనుక స్పూల్‌ను కారులో ముందు అద్దం కింద ఉంచండి. అక్కడైతే వెతుక్కోవాల్సిన పని ఉండదు. కోసిన ముక్కలు రాళ్ల మీదే వదిలేయండి. అవి ఎన్నేళ్లయినా అక్కడే ఉంటాయి, మీరు వచ్చి వెళ్లినట్టు గుర్తు.

10. దారం చేతికి చుట్టి లాగండి

కొక్కెం ఇరుక్కుంటే కర్ర ముక్కకో తువ్వాలుకో బ్రెయిడ్ చుట్టి లాగమంటారు. చేతికే చుట్టుకోండి. సాగని దారం, అందులోనూ సన్నది, తడిసిన చర్మంలోకి ఇట్టే దిగుతుంది. డ్రాగ్ కూడా పూర్తిగా బిగించి పెట్టండి, చేప లాగినప్పుడు ఒక్క అంగుళం వదలకూడదు. సోమవారం అరచేతికి కట్టుతో ఆఫీసుకు వెళ్లండి. ఫైళ్లు మోయాల్సిన పని ఉండదు, టైపు చేయాల్సిన పని అసలే ఉండదు. కట్టు చూసిన ప్రతివాడూ ఏమైందని అడుగుతాడు, మీరు చేప సంగతి ఎత్తడానికి దారి వెతుక్కోనక్కర్లేదు.

11. తెగిన కొసను ఎవరికీ చూపించకండి

పైన చెప్పిన పదీ పాటించి ఇది మరిచిపోతే మొత్తం బూడిదలో పోసిన పన్నీరే. తెగిన కొస సాక్ష్యం చెబుతుంది, దానికి మొహమాటం తెలియదు.

లీడర్ కొస చిన్న చిన్న మెలికలు తిరిగి, పందిపిల్ల తోకలా ముడుచుకుని వచ్చిందంటే చేప తెంపలేదు, ముడి జారింది. కొస పీచుపీచుగా, తెల్లగా గీసుకుపోయి ఉంటే రాతికి ఒరుసుకుంది. ఒక్క గీతలో శుభ్రంగా తెగి ఉంటే పళ్లు. బ్రెయిడ్ చివర లీడర్ ఆనవాలే లేకుండా నున్నగా ఊడి వస్తే ముళ్లు తెలియనివాడు కట్టాడని అర్థం. రాళ్ల మీద నెరిసిన తల ఏదైనా ఉంటే ఆయన మీ మాట వినడు, మీ చెయ్యి పట్టుకుని కొసను వెలుగులోకి తిప్పి చూస్తాడు. చూసి ఏమీ అనడు. ఆ మౌనం పక్కవాళ్లకు అర్థమైపోతుంది.

కాబట్టి దారం వదులైన మరుక్షణం రీల్ గబగబా చుట్టేయండి. కొస చేతికి రాగానే వేళ్ల మధ్య దాచి, రెండడుగులు కోసి జేబులో వేసుకోండి. కోతకు మాత్రం పదునైన బ్లేడు వాడండి, మిగిలిన కొస పళ్లకు తెగినట్టే నున్నగా ఉంటుంది. తర్వాత నింపాదిగా అందరికీ చూపించండి. ఈ మొత్తం చిట్కాల్లో బ్లేడు పదును గురించి నేను పట్టుబట్టేది ఇక్కడొక్కచోటే.

చేప పేరు చెప్పేటప్పుడు తొందరపడకండి. మొదట "ఏదో పెద్దదే" అనండి. టీ దగ్గర "పారే అయ్యుండాలి" అనండి. ఇంటికొచ్చేసరికి అది వంజరం అవుతుంది. మావయ్యగారి ఊళ్లో చెప్పేనాటికి కొమ్ముకోనాం. ఒకేసారి కొమ్ముకోనాం అన్నవాళ్లెవరూ ఈ తీరంలో రెండో ఏడాది మాట నిలబెట్టుకోలేకపోయారు.

12. ఇంటికి ఖాళీ చేతులతో వెళ్లకండి

చివరిగా ముఖ్యమైనది. వచ్చే దారిలో విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర ఆగండి. ఒక మోస్తరు చేప, ముక్కలు కొట్టించకుండా, పొలుసు తీయించకుండా తీసుకోండి. కళ్లు మెరుస్తున్నదే ఎంచుకోండి, మంచులో ఉన్నదైతే కడుపు గట్టిగా చల్లగా తగిలి ఇంట్లో పట్టుబడిపోతారు. కాస్త ఎండలో పెట్టి తుడవండి. మీ లూర్ కొక్కేన్ని దాని దవడకు తగిలించి ఫొటో తీసుకోండి. ఆ ఫొటోలో జానెడు లీడర్ కూడా పడేలా చూసుకోండి, లీడర్ కట్టరన్న అపవాదు తీరిపోతుంది.

ఒక్క మాట గుర్తుంచుకోండి. హార్బర్‌లో మంచి చేప పొద్దున్నే అమ్ముడైపోతుంది, ఎండెక్కాక మిగిలేది ఎవరూ ఏరుకోనిదే. అందుకని గాలం పని వెలుగు రాగానే మొదలుపెట్టి ఏడింటికల్లా ముగించండి. పై చిట్కాలన్నీ పాటించినవాళ్లకు అంతసేపు కూడా పట్టదు.